అడవి ఆవాసాలలో పక్షి జాతుల సర్వే: జాబితాలోని అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

చిగురుకొమ్మ

సభ్యులందరికీ నమస్కారం. మూడు రకాల అడవి ఆవాసాలలో పక్షి జాతుల వైవిధ్యాన్ని పోల్చే సర్వే ఒకటి తలపెట్టాను. మొదటిది ఎన్నడూ గొడ్డలి పడని సహజారణ్యం, రెండవది ఒకప్పుడు నరికివేతకు గురై తిరిగి తనంతట తానే పెరిగిన అడవి, మూడవది ఒకే జాతి చెట్లను వరుసలుగా నాటిన ప్లాంటేషన్. ఒక్కో ఆవాసంలో 30 స్థానాలు ఎంచుకొని, ఒక్కో స్థానంలో 10 నిమిషాలు నిలబడి, కనిపించిన, వినిపించిన ప్రతి జాతినీ రాసుకొని, చివరకు మూడు ఆవాసాల జాతుల సంఖ్యను పోల్చాలన్నది నా ప్రణాళిక. ఒక్కో స్థానానికి ఒక్కసారే వెళ్లాలనుకుంటున్నాను. దూరానికి పరిమితి పెట్టుకోలేదు.

ముందుగా చేసిన చిన్న పరిశీలనలో ప్లాంటేషన్ జాబితా సహజారణ్యం జాబితాకు దాదాపు సమానంగా వచ్చింది. ఇది నిజమా, లేక పద్ధతి వల్ల అలా కనిపిస్తోందా అన్న సందేహం నన్ను వదలడం లేదు. వలలు వాడాలా, శబ్ద గ్రాహకాలు పెట్టాలా, వైవిధ్యాన్ని ఏ సూచీతో లెక్కించాలి అన్న విషయాలలో కూడా అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

బాటసారి

మీ సందేహం చాలా సరైనది. దానికి మొదటి సమాధానం దూరంలోనే ఉంది. ప్లాంటేషన్‌లో చెట్ల మధ్య పొదలు తక్కువ కాబట్టి 80 మీటర్ల దూరంలో ఉన్న పక్షి కూడా కంటికి ఆనుతుంది, దాని కూత స్పష్టంగా చెవిన పడుతుంది. దట్టమైన సహజారణ్యంలో అదే పక్షి 40 మీటర్లు దాటితే ఆకుల వెనుక కలిసిపోతుంది, కూత కూడా ఆకులకు తగిలి చెదిరిపోతుంది. దూరం రెట్టింపయితే మీరు గాలించే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అంటే రెండు చోట్లా 30 స్థానాలే అని మనం అనుకుంటున్నా, వాస్తవానికి ప్లాంటేషన్‌లో సహజారణ్యంలో కంటే నాలుగింతల నేలను చూసి, ఆ రెండు జాబితాలనూ పక్కపక్కన పెడుతున్నాం. సమానంగా వచ్చిన అంకెలు అక్కడ సమానత్వాన్ని చూపడం లేదు.

అందువల్ల ప్రతి పక్షికీ దూరం రాయండి. కచ్చితమైన మీటర్లు చెప్పలేకపోతే 0–25, 25–50, 50–100, 100కు పైన అన్న పట్టీలు చాలు. లేజర్ రేంజ్‌ఫైండర్ ఉంటే గణన మొదలుపెట్టేముందే చుట్టూ నాలుగైదు చెట్లకు దూరం కొలిచి మనసులో గుర్తు పెట్టుకోండి. తర్వాత పక్షి ఏ చెట్టుకు ఇవతల ఉంది, ఏ చెట్టుకు అవతల ఉంది అన్నది తేల్చుకుంటే సరిపోతుంది. పైనుంచి ఎగిరిపోయిన పక్షులకు వేరే గడి కేటాయించండి. అడవి మీదుగా వెళ్లిన కొంగను ఆ అడవి నివాసిగా లెక్కించకూడదు.

50 మీటర్ల వ్యాసార్థం గల వృత్తం వైశాల్యం 0.785 హెక్టారు. పోలిక వరకు ఈ వృత్తంలోని పక్షులనే తీసుకుంటే అసమానత చాలావరకు తగ్గుతుంది. బయట కనిపించినవి మొత్తం జాబితాలోకి ఎలాగూ వస్తాయి. స్థానానికీ స్థానానికీ మధ్య కనీసం 200 మీటర్లు, వీలైతే 250 మీటర్లు ఉంచితే ఒకే పక్షిని రెండు చోట్ల లెక్కపెట్టే ప్రమాదం తగ్గుతుంది.

లెక్కలమనిషి

బాటసారి గారు చెప్పినదానికి కొనసాగింపుగా, ఒక్కసారే వెళ్లడం గురించి రాస్తాను. ఈ ప్రణాళికలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది అదే.

ఒక పొదపిట్ట ఆ స్థానంలో నిజంగా నివసిస్తోందనుకోండి. 10 నిమిషాలలో అది మీకు దొరికే సంభావ్యత 0.3 మాత్రమే అనుకోండి. అడవి అడుగున తిరిగే పిట్టల విషయంలో ఇది అసాధారణమేమీ కాదు. ఒక్కసారి వెళితే దాన్ని పోగొట్టుకునే అవకాశం 70 శాతం. నాలుగు సార్లు వెళితే 0.7ను నాలుగుసార్లు గుణించాలి, అంటే సుమారు 24 శాతం. ఎనిమిది సార్లు వెళితే 6 శాతం కంటే తక్కువ. ఒక్క సందర్శనతో తయారైన జాబితాలో లేని పక్షిని ఆ అడవిలోనే లేదని రాయడానికి మనకు ఎలాంటి ఆధారమూ ఉండదు.

2002లో మెకెంజీ, ఆయన సహచరులు ప్రతిపాదించిన ఆక్యుపెన్సీ నమూనా సరిగ్గా ఈ చిక్కును విప్పడానికే వచ్చింది. ఒకే స్థానానికి పదేపదే వెళ్లి, ఏ రోజు దొరికింది, ఏ రోజు దొరకలేదు అని 1, 0లుగా రాసుకుంటే, పక్షి అక్కడ ఉండే సంభావ్యతనూ, ఉన్నప్పుడు మనకు దొరికే సంభావ్యతనూ విడివిడిగా అంచనా వేయవచ్చు. ఆ సందర్శనల మధ్యకాలంలో జాతి అక్కడికి కొత్తగా రాకూడదు, విడిచి వెళ్లకూడదు అన్నది షరతు. కనుక సందర్శనలన్నీ ఒకే రుతువులో, కొద్ది వారాల వ్యవధిలో ముగించాలి.

ఇంకొక ముఖ్యమైన ప్రశ్న: మీ 30 సహజారణ్య స్థానాలూ ఒకే అడవి తునకలో ఉన్నాయా? అలాగైతే అవి 30 స్వతంత్ర నమూనాలు కావు. ఒకే తునకలోని 30 కొలతలు మాత్రమే. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ దీనిని సూడోరెప్లికేషన్ అని పిలిచి, పరిశోధకులు ఎంత తరచుగా ఇందులో చిక్కుకుంటున్నారో వివరంగా చూపించారు. "సహజారణ్యం ప్లాంటేషన్ కంటే మెరుగు" అని చెప్పాలంటే సహజారణ్యాలు కొన్ని, ప్లాంటేషన్లు కొన్ని కావాలి. ఒక్కొక్కటే ఉంటే "ఈ అడవి ఆ ప్లాంటేషన్ కంటే భిన్నం" అన్నంతవరకే చెప్పగలం.

చిగురుకొమ్మ

ఇద్దరికీ కృతజ్ఞతలు. తునకల విషయం మీరు ఊహించినట్లే ఉంది, ఒక్కో ఆవాసం ఒక్కో పెద్ద తునకగా ఉంది. చుట్టుపక్కల మరికొన్ని తునకలు ఉన్నాయి కనుక స్థానాలను వాటి మధ్య పంచగలను. అయితే నాకున్న సమయం పరిమితం. ఎక్కువ స్థానాలకు తక్కువ సార్లు వెళ్లడం మంచిదా, తక్కువ స్థానాలకు ఎక్కువ సార్లు వెళ్లడం మంచిదా?

లెక్కలమనిషి

మీ దృష్టి ఏ పక్షుల మీద ఉందన్న దానిని బట్టి జవాబు మారుతుంది. అరుదైన జాతుల కోసమైతే ఎక్కువ స్థానాలు, తక్కువ సందర్శనలు మేలు. విస్తృతంగా కనిపించే జాతుల కోసమైతే తక్కువ స్థానాలకే ఎక్కువ సార్లు వెళ్లడం మేలు. మొత్తం పక్షి సమూహాన్ని చూస్తున్నప్పుడు మధ్యేమార్గం తప్పదు. నా అభిప్రాయంలో మీరు ఆవాసానికి 30 స్థానాలను 18కి తగ్గించి, వాటిని మూడు తునకలకు పంచి, ఒక్కో స్థానానికి నాలుగు సార్లు వెళ్లండి. సందర్శన 10 నిమిషాలది కాబట్టి దానిని 0–3, 3–5, 5–10 నిమిషాల భాగాలుగా విడదీసి, ప్రతి పక్షీ మొదట ఏ భాగంలో దొరికిందో రాయండి. ఆ సమాచారం నుంచి కూడా గుర్తింపు సంభావ్యతను రాబట్టే పద్ధతిని ఫార్న్స్‌వర్త్, ఆయన సహచరులు 2002లో ప్రచురించారు. పని పెరగదు, కాగితం మీద రెండు గీతలు పెరుగుతాయి.

వలదారి

ఇక్కడ వలల ప్రస్తావన వచ్చింది కనుక పక్షులకు ఉంగరాలు తొడిగే పనిలో ఉన్నవాడిగా రాస్తున్నాను. మిస్ట్ నెట్ అనే సన్నని దారాల వల సాధారణంగా 12 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే అది పట్టేది అడవి అడుగున, మనిషి తలకు కాస్త పైవరకు ఎగిరే పిట్టలను మాత్రమే. అడవి పైకప్పులో బతికే పక్షుల గురించి అది దాదాపు ఏమీ చెప్పదు. పైకప్పు దెబ్బతిన్న చోట ఆ పక్షులే కిందికి దిగి వలలో పడతాయి. అప్పుడు దెబ్బతిన్న అడవిలో వైవిధ్యం ఎక్కువగా ఉన్నట్లు అంకెలు చూపుతాయి. వలలో పడిన సంఖ్య పక్షి ఎంత కదులుతోందో చెబుతుందే తప్ప ఎన్ని పక్షులు ఉన్నాయో నేరుగా చెప్పదని రెమ్సెన్, గుడ్ 1996లో హెచ్చరించారు. ఆవాసాలను పోల్చాలనుకునేవారంతా ఈ హెచ్చరికను చెవిన వేసుకోవాలి.

అయినా వలలకు వాటి విలువ వాటికి ఉంది. కూయకుండా, కనిపించకుండా నేలమీద ఆకుల్లో తిరిగే జాతులను వల పట్టిస్తుంది. చేతిలోకి వచ్చిన పక్షి వయసు, పొట్ట మీద ఈకలు రాలి బోసిగా మారిన పొదుగు మచ్చ, కొవ్వు నిల్వ, ఈకల మార్పిడి వంటివి చూడవచ్చు. ఒక ఆవాసంలో పక్షి ఉందా అన్న ప్రశ్నకు కూత చాలు. అది అక్కడ పిల్లలను పెంచుతోందా అన్నదానికి పొదుగు మచ్చ ఎంతో గట్టి ఆధారం. ప్లాంటేషన్‌లో కనిపించిన పక్షులలో ఎన్ని నిజంగా అక్కడ సంతానం పొందుతున్నాయి అన్నది మీ అధ్యయనంలో అసలు ప్రశ్న కావచ్చు.

శిక్షణ, అటవీ శాఖ అనుమతి, రెండూ లేకుండా వల ముట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. వలను అరగంటకు మించి చూడకుండా వదిలితే పక్షి ప్రాణానికే ముప్పు. వాన చినుకు పడినా, ఎండ ముదిరినా వల మూసేయాలి. చూసుకోవడానికి తగినంతమంది లేకుండా వలల సంఖ్య పెంచడాన్ని నేను ఏ సర్వేలోనూ అంగీకరించను.

స్వరలేఖిని

అడవిలో పక్షి సర్వే అంటే ప్రధానంగా చెవులతో చేసే పని. దట్టమైన అడవిలో గుర్తింపులలో అత్యధికం కూతల ద్వారానే వస్తాయి. ఈ విషయాన్ని ఉష్ణమండల అడవుల్లో అందరికంటే స్పష్టంగా చూపినవారు అమెరికన్ పక్షి శాస్త్రవేత్త టెడ్ పార్కర్. టేప్ రికార్డర్‌తో తిరిగే ఒక్క నిపుణుడు కొద్ది రోజులలోనే, పెద్ద బృందం వలలతో వారాల తరబడి శ్రమించి సేకరించిన జాబితాలో అత్యధిక భాగాన్ని రాబట్టగలడని ఆయన 1991లో ప్రచురించిన వ్యాసం వాదించింది. 1993లో ఈక్వడార్‌లో సర్వే విమానం కూలి ఆయన మరణించారు. ఆయన చేసిన రికార్డింగులు నేటికీ పరిశోధకులకు ఉపయోగపడుతున్నాయి.

ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఆడియోమాత్ వంటి గ్రాహకాలను చెట్టుకు కట్టి, రోజూ తెల్లవారుజామున, రాత్రి కొంతసేపు దానంతట అదే రికార్డు చేసేలా అమర్చవచ్చు. మనిషి వెళ్లలేని వేళల్లో అది వింటుంది. గుడ్లగూబలు, చెకుముకి రాయి చప్పుడులా టకటకమనే నైట్‌జార్‌లు పగటి గణనలో అసలే రావు. ఇంకొక పెద్ద లాభం ఏమిటంటే, సందేహం వచ్చిన కూతను పదిమందికి వినిపించి నిర్ధారించుకోవచ్చు. పాయింట్ కౌంట్‌లో, అంటే ఒకే చోట నిలబడి చేసే గణనలో, విన్న కూత ఆ క్షణంలోనే గాలిలో కలిసిపోతుంది.

రికార్డింగులను విశ్లేషించే బర్డ్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్ ధ్వనిని 3 సెకన్ల ముక్కలుగా తీసుకొని ఒక్కో ముక్కకు జాతి పేరు, 0 నుంచి 1 వరకు ఒక స్కోరు ఇస్తుంది. ఆ స్కోరు సంభావ్యత కాదు. ఒక జాతికి 0.4 దగ్గరే నమ్మదగిన ఫలితం రావచ్చు, మరొక జాతికి 0.9 దగ్గర కూడా తప్పు రావచ్చు. అందుకే ప్రతి జాతికీ వేర్వేరు స్కోరుల దగ్గర కొన్ని ముక్కలను స్వయంగా విని, ఆ జాతికి తగిన హద్దు నిర్ణయించుకోవాలి. ఈ దశను గాలికి వదిలేస్తే జాబితాలో ఆ ఖండంలోనే లేని పక్షులు చేరతాయి.

బాటసారి

స్వరలేఖిని గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే రెండు విషయాలలో విభేదిస్తున్నాను. మొదటిది, టెడ్ పార్కర్ సాధించినది టేప్ రికార్డర్ వల్ల మాత్రమే కాదు. వేల జాతుల కూతలను జ్ఞాపకంలో నిలుపుకున్న చెవి వల్ల. ఆ చెవి లేని మనిషికి అదే పరికరం ఇస్తే అదే ఫలితం రాదు. సర్వేకు ముందు ఒక నెలపాటు ఆ ప్రాంతపు కూతలను వినడానికి కేటాయించడం ఏ పరికరం కొనడం కంటే ముఖ్యమని నేను నమ్ముతాను.

రెండవది, గ్రాహకం ఎన్ని పక్షులు కూశాయో చెప్పలేదు. ఒకే పక్షి ఉదయమంతా కూసినా, ఆరు పక్షులు ఒక్కొక్కసారి కూసినా దానికి తేడా తెలియదు. కూయకుండా కొమ్మ మీద గంటలకొద్దీ కూర్చునే డేగలు, గద్దలు దానికి చిక్కవు. పైగా అది ఎంత దూరం నుంచి వింటుందన్నది కూడా ఆకుల దట్టాన్ని బట్టి మారుతుంది కాబట్టి, నేను మొదట చెప్పిన అసమానత దానికీ వర్తిస్తుంది.

అనుకరణ సంగతి కూడా చెప్పాలి. తోక చివర రెండు పొడవైన ఈకలు వేలాడే రాకెట్ తోక డ్రాంగో ఏట్రింత కుటుంబానికి చెందినది. ఇతర జాతుల కూతలను అది ఎంత చక్కగా అనుకరిస్తుందంటే, కళ్లు మూసుకొని వింటే అక్కడ మరో పక్షి ఉందనే అనుకుంటాం. శ్రీలంకలోని సింహరాజ వర్షారణ్యంలో జరిగిన పరిశోధనలు, డ్రాంగోలు ఇతర జాతుల హెచ్చరిక కూతలను అపాయం ఉన్న సందర్భంలోనే అనుకరిస్తున్నాయని, డ్రాంగో అనుకరణలకు ఇతర పక్షులు స్పందించి గుంపులోకి చేరుతున్నాయని చూపాయి. అటువంటి అడవిలో కేవలం కూత విని, అదీ ఒకే ఒక్కసారి విని, అరుదైన జాతి పేరు రాసేముందు ఆగి, ఆ కూత వెంటనే డ్రాంగో సొంత లోహధ్వని వస్తుందేమో వినాలి. చాలాసార్లు వస్తుంది.

చిగురుకొమ్మ

వేర్వేరు జాతులు కలిసి తిరిగే మిశ్రమ గుంపుల గురించి ఎవరైనా చెప్పగలరా? చాలాసేపు నిశ్శబ్దంగా ఉండి, ఒక్కసారిగా పదిహేను ఇరవై పక్షులు చెట్ల మీదుగా వచ్చి రెండు నిమిషాలలో దాటిపోతుంటే అన్నిటినీ ఎలా రాయాలో తెలియడం లేదు.

బాటసారి

గుంపు వచ్చినప్పుడు సంఖ్యల కోసం తాపత్రయపడకండి, ముందు జాతులను పట్టుకోండి. గుంపు ముందుభాగంలో సాధారణంగా కూతలు పెట్టే చురుకైన జాతులు ఉంటాయి, అవి ఎలాగూ తెలుస్తాయి. కళ్లు మాత్రం మూడు చోట్ల పెట్టాలి: మాను మీద, పైకప్పు అంచున, పొదల మీద. మాను మీద నట్‌హాచ్ తలకిందులుగా దిగుతుంటుంది, వడ్రంగి పిట్ట పైకి పాకుతుంటుంది. పైకప్పు అంచున ఆకుల కొసలను వెదికే చిన్న పిట్టలు తిరుగుతుంటాయి. పొదల మీద, కాస్త వెనుకబడి, గుంపు లేపిన పురుగుల కోసం ఈగపట్టు పిట్టలు వస్తుంటాయి. రాతతో కళ్లు కిందికి దిగిపోకుండా చిన్న రికార్డర్‌లో పేర్లు నోటితో చెప్పుకుంటూ పోవడం ఉత్తమం. కాగితం మీద ఆ గుంపులోని పక్షులన్నిటికీ కలిపి ఒకే గుర్తు పెట్టండి, ఎందుకంటే అవి ఒకదానితో ఒకటి కలిసి వచ్చాయి, గణాంకపరంగా అవి వేర్వేరు గుర్తింపులు కావు.

10 నిమిషాలు ముగిశాక గుంపు వస్తే గణనలో చేర్చకూడదు. వేరే పుటలో, ఆ తునక మొత్తం జాబితాలో రాసుకోవచ్చు.

పొదచాటు

ఇంతవరకు చర్చ పక్షులను ఎలా పట్టుకోవాలన్నదాని చుట్టూ తిరిగింది. పట్టుకున్నవాటిని ఎలా పోల్చాలన్నది నా ఆసక్తి.

జాతుల సంఖ్య ఒక్కటే చాలదని అందరికీ తెలుసు కాబట్టి చాలామంది జాతుల సంఖ్యనూ, వాటి మధ్య పక్షులు ఎంత సమంగా పంచుకొని ఉన్నాయన్నదానినీ కలిపి చూసే షానన్ సూచీని లెక్కిస్తారు. కానీ 2.8, 3.1 అన్న అంకెల మధ్య తేడా ఎంత పెద్దదో చదివేవారికి అర్థం కాదు. దానిని హిల్ సంఖ్యగా మార్చండి, అంటే సహజ సంవర్గమాన ఆధారమైన e (సుమారు 2.718)ని ఆ సూచీ విలువ ఘాతానికి హెచ్చించండి. 2.8 అయితే సుమారు 16.4, 3.1 అయితే సుమారు 22.2 వస్తుంది. మొదటి అడవి సమాన సంఖ్యలో ఉండే 16 జాతుల అడవికీ, రెండవది 22 జాతుల అడవికీ సాటి అని చెప్పినట్లవుతుంది. 1973లో మార్క్ హిల్ ఇచ్చిన ఈ దృష్టిని లూ జోస్ట్, ఆన్ చావో మళ్లీ ముందుకు తెచ్చారు. ఇప్పుడు దీనిని వాడకపోవడానికి నాకు కారణమేదీ కనిపించదు.

కనబడని జాతులను అంచనా వేయడానికి చావో సూత్రం సులువైనది. 48 జాతులు దొరికాయి, వాటిలో 12 ఒక్కసారే, 6 రెండుసార్లే కనిపించాయనుకోండి. 12 వర్గాన్ని 6కు రెట్టింపైన 12తో భాగిస్తే 12 వస్తుంది. అంటే కనీసం 60 జాతులు ఉండవచ్చు. పాయింట్ కౌంట్‌లలో అదే పక్షి పలుమార్లు లెక్కలోకి వచ్చే వీలుంది కాబట్టి పక్షుల సంఖ్యతో కాక, ఎన్ని స్థానాలలో దొరికిందన్న లెక్కతో చేసే చావో-2 రూపాన్ని వాడడం మేలు. ఏ రూపమైనా అది ఇచ్చేది కనిష్ఠ అంచనా మాత్రమే.

అన్నిటికంటే ముఖ్యమైనది, నేను ఎన్నిసార్లయినా చెప్పడానికి సిద్ధపడేది, జాతుల కూర్పు. ప్లాంటేషన్‌లో 45, సహజారణ్యంలో 45 ఉండవచ్చు. మొదటి జాబితాలో పొలాల గట్ల మీదా, తోటల్లోనూ ఎక్కడైనా బతకగలిగే పక్షులు నిండి ఉండి, రెండవ దానిలో దట్టమైన నీడలో తప్ప బతకలేనివి ఉంటే ఆ రెండు 45లు ఒకటి కావు. బ్రెజిల్‌లోని మనాస్ సమీపంలో 1979లో మొదలైన అడవి తునకల ప్రాజెక్టులో, 1, 10, 100 హెక్టార్ల తునకలను మిగిల్చి చుట్టూ అడవిని నరికిన వెంటనే తునకలలో వలలకు చిక్కిన పక్షుల సంఖ్య పెరిగింది. చుట్టూ ఇల్లు కోల్పోయినవి అక్కడికి చేరడమే కారణం. కొంతకాలానికి ఆ సంఖ్య పడిపోయింది. ఆ తొలి నెలల్లో మాత్రమే సర్వే చేసినవారు ఆ తునకలు పక్షులకు మేలు చేశాయని రాసి ఉండేవారు.

ఉష్ణమండల అడవిలో అరుదుతనం ఎంత లోతైనదో తెలుసుకోవాలంటే పెరూలోని కోచా కాషు అనే పరిశోధన కేంద్రాన్ని చూడాలి. జాన్ టెర్‌బోర్గ్ బృందం అక్కడ 97 హెక్టార్లలో 245 నివాస జాతులను నమోదు చేసి 1990లో ప్రచురించింది. మధ్యగత జాతి సాంద్రత 100 హెక్టార్లకు 2.5 జంటలు మాత్రమే. అంటే సగం జాతులు అంతకంటే అరుదు. అటువంటి అడవిలో 50 మీటర్ల వృత్తాలు 18 కలిపినా సుమారు 14 హెక్టార్లే అవుతుంది. వృత్తాల లెక్క పోలికకు, ఆ తునక మొత్తంలో తిరిగి చేసే జాబితా సంపూర్ణతకు. ఈ రెండూ వేర్వేరు పనులు, రెండూ చేయాలి.

చిగురుకొమ్మ

పొదచాటు గారూ, ఈ వివరణ నాకెంతో ఉపకరించింది. మరొక్క ప్రశ్న. పక్షులతోపాటు చెట్ల గురించి ఏమేమి కొలవాలి?

మానుకొలత

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నాను. 1961లో రాబర్ట్ మెకార్థర్, జాన్ మెకార్థర్ తమ అధ్యయనంలో, పక్షి జాతుల వైవిధ్యాన్ని చెట్ల జాతుల సంఖ్య కంటే ఆకులు ఏయే ఎత్తులలో ఎంత పరుచుకున్నాయన్నదే బాగా వివరిస్తుందని చూపారు. తరువాతి అధ్యయనాలు అన్ని అడవులకూ ఇది ఒకేలా వర్తించదని తేల్చినా, నిలువు నిర్మాణం కొలవకుండా పక్షి సర్వే చేయడం నాకు అసంపూర్ణంగానే తోస్తుంది.

ప్రతి స్థానం చుట్టూ 11.3 మీటర్ల వ్యాసార్థంలో, అంటే సుమారు 0.04 హెక్టారులో, ఈ కొలతలు తీయండి. చెట్ల మాను చుట్టుకొలత ఛాతీ ఎత్తులో, 1.3 మీటర్ల దగ్గర. పైకప్పు ఎంత మూసుకుందో డెన్సియోమీటర్ అనే గళ్ల అద్దంతో నాలుగు దిక్కులా. ఒక పొడవైన కర్రను నిలబెట్టి, ఏ ఎత్తులో ఆకులు దానిని తాకుతున్నాయో పలు చోట్ల. నేలమీద రాలిన ఆకుల మందం. ఇక నిలువుగా ఎండిపోయిన చెట్లను తప్పక లెక్కపెట్టండి. వడ్రంగి పిట్టలు వాటిలోనే తొర్రలు తొలుస్తాయి, తరువాత ఆ తొర్రలలో చిలుకలు, గుడ్లగూబలు, మైనాలు చేరతాయి. ప్లాంటేషన్‌లో ఎండిన చెట్టును వెంటనే తీసేస్తారు కనుక అక్కడ తొర్ర పక్షులు కనబడకపోవడానికి చెట్టు జాతి కంటే ఇదే పెద్ద కారణం కావచ్చు.

అడవి వయసును కూడా విడువవద్దు. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 10 హెక్టార్ల స్థలంలో 1969 నుంచి పక్షులను లెక్కిస్తున్నారు. మొదట్లో అక్కడ సర్వసాధారణమైన లీస్ట్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట, ఎవరూ ఒక్క చెట్టు నరకకపోయినా, అడవి ముదిరి దాని నిర్మాణం మారేకొద్దీ తగ్గి చివరకు మాయమైంది. మీ రెండవ ఆవాసం, తిరిగి పెరుగుతున్న అడవి, ప్రస్తుతం ఏ దశలో ఉందో తెలియకుండా దాని జాబితాను అర్థం చేసుకోలేం.

వలదారి

కూతల ప్లేబ్యాక్, అంటే రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని రప్పించడం గురించి ఒక్క మాట. గణన జరిగే 10 నిమిషాలలో ప్లేబ్యాక్ వాడకండి, దూరం నుంచి పక్షిని రప్పిస్తే మీ వృత్తం లెక్కకు అర్థమే ఉండదు. గుడ్లగూబల వంటి వాటికి వేరుగా వాడవలసి వస్తే సమయం, ధ్వని తీవ్రత ముందే నిర్ణయించి అన్ని స్థానాలలో ఒకేలా పాటించాలి. గూడు కట్టే వేళ ఒకే జంటను పదేపదే కవ్వించడం వాటి పిల్లలకు హాని చేస్తుంది. గూడు కనబడితే దగ్గరకు వెళ్లకుండా, దాని స్థానాన్ని బహిరంగ వేదికలలో ప్రకటించకుండా ఉండాలి.

చిగురుకొమ్మ

అందరి సలహాలను కలుపుకొని ప్రణాళికను ఇలా మార్చాను. ఆవాసానికి మూడు తునకలు, తునకకు ఆరు స్థానాలు, స్థానాల మధ్య 250 మీటర్లు, తునక అంచు నుంచి కనీసం 100 మీటర్లు లోపల. ఒక్కో స్థానానికి ఒకే రుతువులో నాలుగు సందర్శనలు, 10 నిమిషాల గణన, సమయ భాగాలు, దూర పట్టీలు. తునకకు ఒక శబ్ద గ్రాహకం, ప్రధానంగా రాత్రి పక్షుల కోసం. వలలు ఈ దశలో వాడను. తునక మొత్తం జాబితా విడిగా. చెట్ల కొలతలు మానుకొలత గారు చెప్పినట్లు. ఉదయం సూర్యోదయం నుంచి మూడు గంటలలోపు ముగిస్తాను, వానలోనూ గట్టి గాలిలోనూ గణన చేయను. నాతోపాటు మరొక పరిశీలకుడు కూడా పనిచేస్తారు, ఆయనకు ప్లాంటేషన్లు, నాకు సహజారణ్యాలు అప్పగించుకోవాలనుకుంటున్నాం.

లెక్కలమనిషి

చివరి వాక్యం తప్ప మిగిలినదంతా నాకు సమ్మతమే. పరిశీలకులను ఆవాసాల వారీగా విడదీయవద్దు. ఇద్దరి వినికిడిలో, అనుభవంలో తేడా తప్పక ఉంటుంది. 7 కిలోహెర్ట్జ్ పైన పలికే సన్నని కూతలు వయసు పెరిగేకొద్దీ కొందరికి అసలు వినబడవు. మీరన్నట్లు పంచుకుంటే ఆవాసాల తేడాను పరిశీలకుల తేడా నుంచి ఏ గణాంక పద్ధతీ వేరుచేయలేదు. ప్రతి స్థానానికీ ఇద్దరూ రెండేసి సార్లు వెళ్లండి, ఎవరు వెళ్లారో ప్రతి పుట మీదా రాయండి.

బాటసారి

నాదీ అదే మాట. దానితోపాటు స్థానాల వరుసను కూడా మార్చండి. ప్రతిసారీ ఒకటో స్థానం నుంచే మొదలుపెడితే, ఒకటోది ఎప్పుడూ తొలి వెలుగులో కూతలు ఉధృతంగా ఉన్నప్పుడు, ఆరోది ఎప్పుడూ పొద్దెక్కి అడవి సద్దుమణిగాక లెక్కలోకి వస్తుంది. రెండవ సందర్శనలో ఆరు నుంచి ఒకటికి, మూడవ దానిలో మధ్య నుంచి మొదలుపెట్టండి. స్థానానికి చేరాక ఒకటి రెండు నిమిషాలు కదలకుండా నిలబడి, మీ అడుగుల చప్పుడుకు అణిగిన పిట్టలు మళ్లీ కదలడం మొదలుపెట్టాక గడియారం చూడండి.